తీగకీ మెట్టుకీ నడుమ

ఖాసిం వలి ఆ ఇంటికి వెళ్ళింది విరిగిన తలుపు బాగుచేయడానికి.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి అప్పటికి ఆరు వారాలైంది. అమ్ఘరాలో అతను పనిచేసే తలుపుల కార్ఖానా మొదటి వారంలోనే మూతపడింది. యజమాని కుటుంబంతో సౌదీకి దాటిపోయాడు. పనివాళ్ళ పాస్‌పోర్టులు ఎక్కడ పెట్టాడో చెప్పడానికి కూడా వ్యవధి లేకపోయింది. తర్వాత సైనికులు వచ్చి కోత మిషన్లు లారీకెక్కించుకున్నారు. పనివాళ్ళ గదుల్లో దూరి ఫ్యాన్లు, రేడియోలు, ఖాసిం వలి టేప్‌రికార్డరు పట్టుకుపోయారు. అతనికి మిగిలింది పనిముట్ల సంచీ, రెండు జతల బట్టలు, చొక్కా జేబులో ఒక క్యాసెట్టు.

ఆ క్యాసెట్టు జూలై చివర్లో రాయచోటి నుంచి వచ్చింది. అతని భార్య రహమత్ బీకి చదువు రాదు. చెప్పాల్సింది టేపులో చెప్పి, గల్ఫుకి వచ్చేవాళ్ళ చేతికి ఇచ్చి పంపేది. పెళ్ళైన నలభై రోజులకే ఖాసిం వలి మళ్ళీ విమానమెక్కాడు. మూడేళ్ళుగా భార్య అంటే అతనికి ఆ గొంతే. ఈసారి క్యాసెట్టు ఒక వైపు విన్నాడు. రెండో వైపు శుక్రవారం సెలవునాడు తీరిగ్గా వినాలని దాచుకున్నాడు. గురువారం తెల్లవారేసరికి రోడ్డు మీద ట్యాంకులు ఉన్నాయి.

జహ్రాలోని ఆ ఇంట్లో రెడ్డెమ్మ పనిచేస్తుంది. ఆమెది రాయచోటి పక్కనే లక్కిరెడ్డిపల్లె. రెండేళ్ళ కిందట ఆ ఇంటికి తలుపులు బిగించింది ఖాసిం వలే. అందుకే కష్టం రాగానే ఆమెకి అతనే గుర్తొచ్చాడు. బురఖాలాంటి నల్లటి అబాయా కప్పుకుని అమ్ఘరా దాకా నడిచి వచ్చింది.

"వలీ అన్నా, మిలిటిరీ వాళ్ళు వాకిలి తలుపు పగలగొట్టి పోయినారు. గొళ్ళెం ల్యాకుండా ఇద్దరాడోళ్ళం ఎట్ల పండుకునేది? నువ్వొచ్చి సరిచేయల్ల."

"ఇద్దరాడోళ్ళేంది? ఆ పిల్లోడు యాడికి పోయినాడు, ఫహద్?"

రెడ్డెమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "పట్టకపోయినారు. పది దినాలాయ. రోడ్డు మీద కారు ఆపి, ఏందో కాగితం దొరికిందని."

ఆ ఇంటావిడని అందరూ ఉమ్ ఫహద్ అంటారు, ఫహద్ తల్లి అని. రెడ్డెమ్మకి మాత్రం మామా; అక్కడ పనివాళ్ళు యజమానురాలిని అలాగే పిలుస్తారు. యాభై దాటిన వితంతువు. కూతురు పెళ్ళి చేసుకుని కైరోలో ఉంది. ఫోన్లు తెగిపోయి ఆమె సంగతీ తెలియదు. ఫహద్ ఇరవై రెండేళ్ళవాడు. ఖాసిం వలి తలుపులు బిగించినప్పుడు చల్లటి నీళ్ళు తెచ్చి పక్కన కూర్చుని, ఏ చెక్క ఏ దేశానిదో అడిగి తెలుసుకున్న కుర్రాడు.

తలుపు ఒక రోజులో అయిపోయింది. సాయంత్రం సంచీ భుజానికి వేసుకుంటుంటే ఉమ్ ఫహద్ గుమ్మంలోకి వచ్చి, అతనికి అర్థమయ్యే తేలిక అరబ్బీలో అంది.

"ఎక్కడికి వెళ్తావు? అక్కడ నీకేముంది? ఇంట్లో మగమనిషి ఉన్నాడని తెలిస్తే కొంచెం నయం. దివానియాలో పడుకో."

దివానియా అంటే గేటు పక్కన మగ చుట్టాలు కూర్చునే గది. ఖాసిం వలి అక్కడే ఉండిపోయాడు.

నాలుగైదు రోజుల తర్వాత, మధ్యాహ్నం నమాజుకి నీళ్ళు పట్టుకోవడానికి లోపలికి వెళ్తే, హాల్లో ఉమ్ ఫహద్ కింద కూర్చుని ఉంది. ఒళ్ళో గిటారు. ఎడమచేతి వేలితో తీగని నొక్కుతోంది, కుడిచేత్తో మీటుతోంది. పాట రావట్లేదు. ఎండిన కొబ్బరిచిప్ప మీద కొట్టినట్టు టప్పుమని చప్పుడు. వేలు తీసి చూసుకుంది. వేలి కొస మీద ఎర్రటి గీత పడింది. మళ్ళీ నొక్కింది.

వంటింట్లో రెడ్డెమ్మ చెప్పింది. "అది ఫహద్‌ది. దినామూ సందేళ వాయించేవాడు. సొంతంగా కట్టుకున్న పాట ఒకటి ఉండె, సిన్నది. మామని కూసోబెట్టి నేర్పిచ్చినాడు గూడా. మిలిటిరీ వాళ్ళు వొస్తే ఎత్తకపోతారని మిద్దె మీద నీళ్ళ ట్యాంకీ రేకుల రూములో దాసిపెట్టినాడు. ఆ ఎండకి అది ఏమైందో ఏమో. పోయినవారం దించుకోనొచ్చినాము. మామ యేళ్ళు సూసినావా, కణుపులెట్ల వాసుండాయో. నొక్కితే దిగదు."

ఖాసిం వలి హాల్లోకి తొంగి చూశాడు. అతనికి గిటారు గురించి తెలిసింది సున్నా. దాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

ఆ మర్నాడు అతను దివానియా మెట్ల మీద కూర్చుని క్యాసెట్టు తీసి టేపు వదులైందేమోనని పెన్సిలు పెట్టి తిప్పుతున్నాడు. రెండు మూడు రోజులకోసారి అలా చేసేవాడు. ఉమ్ ఫహద్ చూసింది.

"ఖురానా?"

"కాదు. నా భార్య."

ఆమె ఆ క్యాసెట్టు కేసి ఒకసారి చూసింది. లోపలికి వెళ్ళి తాళంచెవి తెచ్చింది. ఇంటి వెనక షెడ్డులో వాళ్ళ పెద్ద షెవర్లే కారు ఇటుకల మీద నిలబడి ఉంది. సైనికులు తోలుకుపోకుండా ఫహద్ చక్రాలు విప్పేశాడు. బ్యాటరీ మాత్రం అలాగే ఉంది. ఆమె ముందు తలుపు తెరిచి, తాళంచెవి పెట్టి తిప్పి, టేపు ఎక్కడ పెట్టాలో చూపించి వెళ్ళిపోయింది.

ఖాసిం వలి చక్రాల్లేని కార్లో కూర్చుని రెండో వైపు విన్నాడు.

రహమత్ బీ మొదట అన్నీ వరసగా చెప్పింది. వానకి వంటింటి మూల కారుతోందని, పక్కింటి బుడేన్‌బీ కొళాయి దగ్గర తగువు పెట్టుకుందని, నువ్వు పంపిన చీర పండక్కి కట్టుకున్నానని. తర్వాత చెప్పడానికేమీ లేక ఆగింది. "అయిపాయ. ఇంగ దీన్ని ఆపేదెట్లనో ఏమో... జిలానీ బాషా వొచ్చి ఆపుతాడులే," అంది ఎవరితోనో.

టేపు పెట్టి ఆపడానికి ఎప్పుడూ వచ్చే ఆ జిలానీ బాషా ఈసారి రాలేదు. టేపు తిరుగుతూనే ఉంది. చేట చప్పుడు వచ్చింది. ఆమె బియ్యం చెరుగుతోంది. కోడిని అదిలించింది. గాజులు కదిలాయి. ఎండుపుల్లలు విరిచింది. చాలాసేపటికి, వినేవాళ్ళెవరూ లేరనుకుని, తనలో తాను అంది: "ఈపొద్దు ఏం తిన్నాడో."

మూడేళ్ళలో ఎన్నో క్యాసెట్లు వచ్చాయి. ఏ క్యాసెట్టులోనూ ఆమె అంత దగ్గరగా రాలేదు. బ్యాటరీ దిగిపోయి చేట చప్పుడు సాగడం మొదలయ్యేసరికి, గొంతు పాడుగా వినకూడదని అతను గబుక్కున ఆపేశాడు.

బయటికి వస్తే ఉమ్ ఫహద్ షెడ్డు నీడలో నిలబడి ఉంది.

"మాట్లాడిందా?"

"మాట్లాడింది. తర్వాత బియ్యం చెరిగింది," అన్నాడు ఖాసిం వలి.

ఆమె తల ఊపింది. తాళంచెవి వెనక్కి తీసుకుంటూ అంది: "నా దగ్గర వాడి గొంతు లేదు. ఇంట్లో ఉన్నవాడి గొంతు ఎవరు దాస్తారు? ఆ పాటొక్కటే ఉంది. ఎక్కడెక్కడ వేలు పెట్టాలో నాకు గుర్తే. పెడితే పలకట్లేదు."

"నాకివ్వండి, చూస్తాను," అన్నాడతను. అన్నాక భయం వేసింది.

ఆమె గిటారు తెచ్చింది గానీ వెంటనే చేతికివ్వలేదు. "ఒక మాట. వాడు వచ్చాక వాడికి ఎలా ఉండాలో అలా మళ్ళీ అవ్వాలి. కోసేయకూడదు, అరగదీయకూడదు. అవుతుందా?"

"అవుతుంది," అన్నాడు. ఎలా అవుతుందో అప్పటికి అతనికి తెలియదు.

దివానియాలో దుప్పటి పరిచి గిటారు దాని మీద పడుకోబెట్టాడు. తీగలకీ, మెడ మీది ఇత్తడి మెట్లకీ మధ్య ఎంత ఎడం ఉందో చూశాడు. బిరడాల దగ్గర తక్కువే. కిందికి వచ్చేకొద్దీ పెరిగి, పన్నెండో మెట్టు దగ్గర చిటికెనవేలు దూరేంత. అంత లోతుకి నొక్కాలంటే వడ్రంగి వేలికే నొప్పి. ఒక కన్ను మూసి, తలుపు చెక్క అంచుని చూసినట్టు మెడ పొడవునా చూశాడు. తీగల లాగుడికి మెడ ముందుకు వంగింది. ఎండకి వంగిన తలుపుని అతను వందసార్లు చూశాడు. దాన్ని నిఠారు చేయడం తెలుసు. కానీ ఇది తలుపు కాదు; బరువులు పెట్టి వంచితే పుటుక్కుమంటుంది.

గుండ్రటి రంధ్రంలోకి టార్చి వేసి చూస్తే, మెడ మొదట్లో ఇనుప కడ్డీ కొస కనిపించింది. దానికి ఆరు పలకల గుంట. తన సంచీలోని ఎలన్ కీ అందులో సరిపోయింది. అప్పుడర్థమైంది, మెడ లోపల కడ్డీ ఉంది, దాన్ని తిప్పితే మెడ కదులుతుంది. ఏ వైపు తిప్పాలో ఎవరిని అడగాలి? తీగలు వదులు చేసి, ఎడమవైపు పావు చుట్టు తిప్పాడు. బిగించి చూస్తే తీగలు ఇంకా పైకి లేచాయి. వెనక్కి తిప్పి, అక్కణ్ణుంచి కుడివైపు పావు చుట్టు తిప్పి, ఆ రోజుకి వదిలేశాడు. చెక్కకి వ్యవధి ఇవ్వాలి. మర్నాడు ఇంకో పావు. మూడో రోజు మెడ దాదాపు నిఠారైంది. మొదటి మెట్టునీ చివరి మెట్టునీ ఒకేసారి నొక్కి పట్టుకుంటే, నడుమ కాగితం దూరేంత సందు మాత్రం మిగిలింది.

తీగల శ్రుతి ఉమ్ ఫహద్ చెప్పింది. రోజూ కొడుకు వాయించే ముందు లావు తీగనుంచి సన్న తీగదాకా మీటుకుంటుంటే విన్న చెవి. ఆమె సన్నగా కూనిరాగం తీసేది, అతను బిరడా తిప్పేవాడు. వీధిలోకి చప్పుడు పోకుండా రంధ్రంలో తువ్వాలు కుక్కాడు.

ఫహద్‌కి ఆ ఎత్తు సరిపోయేదేమో. ఆమె నొక్కి చూసి, పళ్ళు బిగించింది. "పర్వాలేదు," అంది. పర్వా ఉందని ఆమె వేళ్ళే చెప్పాయి.

ఇంకా దించాలంటే దారి ఒకటే. కింద, తీగలు ఆనుకునే చోట, గాడిలో నిలబెట్టిన సన్నటి తెల్ల పలక ఉంది. దాన్ని అడుగున అరగదీస్తే తీగలన్నీ కిందికి దిగుతాయి. కానీ అరగదీయనని మాటిచ్చాడు. ఆ పలకని మెల్లగా పైకి లాగి, వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. ఎముక.

"రెడ్డెమ్మా, మాంసం ఎముక ఏమన్నా ఉండాదా?"

"మాంసమే ల్యాదు, ఎముక యాడిదన్నా? నెల దినాలాయ మొగం సూసి." అంటూనే, ఫ్రీజరు అడుగున మంచులో కూరుకుపోయిన కాలెముకని తవ్వి తీసింది. దాన్ని ఉడకబెట్టి ఆ రోజు ముగ్గురూ చారు తాగారు. కొవ్వు పోయేదాకా మళ్ళీ మళ్ళీ మరిగించి, మిద్దె మీద ఎండబెట్టారు.

ఇనప రంపంతో దాంట్లోంచి పాతదానికంటే పొట్టిగా కొత్త పలక కోశాడు. కిటికీ అద్దం మీద గరుకైన ఉప్పుకాగితం పరిచి రుద్దాడు. పైభాగం పాత పలకలాగే కొంచెం వంపుగా తీర్చాడు. ఆత్రంలో అడుగున ఎక్కువ అరిగింది. పెట్టి మీటితే లావు తీగ మెట్లకి తగిలి తుమ్మెదలాగా జుమ్మంది. మెట్టుకి మరీ దగ్గరైన తీగ పాట పాడదు, కొట్టుకుంటుంది. అది ఆ రోజు నేర్చుకున్నాడు.

అదే రోజు రెడ్డెమ్మ పరుగున వచ్చింది. మనవాళ్ళు కొందరు కలిసి బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డానుకి బస్సులు మాట్లాడుతున్నారు. అక్కణ్ణుంచి ఇండియాకి విమానాలు. పాస్‌పోర్టు లేనివాళ్ళకి ఫొటో అతికించిన కాగితం ఇస్తున్నారు. మామ బీరువా తెరిచి రెడ్డెమ్మ పాస్‌పోర్టు ఆమె చేతిలో పెట్టి, "నీ పిల్లల దగ్గరికి వెళ్ళు," అనేసింది.

"మంగళారం బస్సు. శుక్రారం ఇంగోటి పోతాదంటాండారు గానీ నమ్మకం ల్యాదు. మనిద్దరి పేర్లూ రాపిచ్చినా. ఎల్లుండే!"

ఖాసిం వలి చేతిలోని పలక కేసి చూశాడు. "శుక్రవారం ఇంగో బస్సు ఉండాదంటివే."

రెడ్డెమ్మకి ఒళ్ళు మండింది. "నీకు మతి ఉండాదా అన్నా? శుక్రారం బస్సు ఉంటాదని ఎవురు రాసిచ్చినారు? ఆ పెట్టి కోసరం పానాలు మీదికి తెచ్చుకుంటావా? ఇంటికాడ నీ పెండ్లాం ఎదురు సూస్తాండాది!"

"సూస్తాండాది," అన్నాడతను. "నాకు తెల్దా? ఆ యమ్మ బియ్యం చెరిగేది నాకు ఇనపడతానే ఉండాది. అది నాకు ఇనిపిచ్చింది ఎవురు? సగం చిత్రిక పట్టిన తలుపు ఇడ్సిపెట్టి పోయినోణ్ణి కాదు నేను. నువ్వు పో. నేను శుక్రవారం వొస్తా."

"ఒంటిగా నేనెట్ల పోయేది, ఆ మిలిటిరీ వాళ్ళ నడుమ?" రెడ్డెమ్మ ఏడ్చింది. ఏడ్చి, తిట్టి, చివరికి వెళ్ళి ఇద్దరి పేర్లూ శుక్రవారానికి మార్పించుకొచ్చింది. ఆ తర్వాత అతనితో మాట మానేసింది. అన్నం పళ్ళెం గుమ్మంలో పెట్టి పోయేది.

మంగళవారం బస్సు వెళ్ళిపోయింది. ఆ పొద్దంతా ఖాసిం వలికి చేతులు ఆడలేదు. గేటు దాకా వెళ్ళి ఖాళీ రోడ్డు చూసి వచ్చాడు. తప్పు చేశానా అనుకున్నాడు. రహమత్ బీ ఆపడం తెలియక వదిలేసిన ఆ టేపు ఇంకా అక్కడ తిరుగుతూనే ఉన్నట్టు, దానికి తను మళ్ళీ దూరమైనట్టు అనిపించింది.

మిగిలిన ఎముకలోంచి రెండో పలక కోశాడు. ఇంకో తప్పుకి ఎముక లేదు. ఈసారి ఉప్పుకాగితం మీద పది సార్లు రుద్దడం, గాడిలో పెట్టి చూడటం, తీయడం, మళ్ళీ పది సార్లు. కొలతకి, ఇరాక్ రద్దు చేసిన కువైటీ నాణెం ఒకటి దొరికింది. దాన్ని పన్నెండో మెట్టు మీద పడుకోబెడితే పైన తీగని తాకీ తాకనట్టు ఉండాలి అనుకున్నాడు. లావు తీగ ఎక్కువ ఊగుతుంది కాబట్టి ఆ వైపు కాస్త ఎత్తు ఉంచాడు. బుధవారం సాయంత్రానికి ఒక్కో మెట్టు మీదా ఒక్కో తీగా నొక్కి చూశాడు. ఎక్కడా జుమ్మనలేదు. చిటికెనవేలితో నొక్కినా దిగింది.

పాత పలకని దూదిలో చుట్టి అగ్గిపెట్టెలో పెట్టి ఉమ్ ఫహద్‌కి ఇచ్చాడు. "ఇది ఫహద్‌ది. వచ్చాక ఇది తీసి అది పెట్టుకుంటాడు. అంతే."

ఆమె అగ్గిపెట్టె తెరిచి చూసి, మూసి, గిటారు ఒళ్ళోకి తీసుకుంది. మూడో వేలు, రెండో తీగ. మీటింది. నిండుగా మోగింది. ఆమె ఉలిక్కిపడి చేయి తీసేసింది. మళ్ళీ పెట్టింది. ఒక్కో స్వరానికీ వేలు వెతుక్కుంటూ, ఆగుతూ, తప్పు పోతే మొదటికి వస్తూ వాయించింది. రెడ్డెమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చిన్న పాటే. పైకి ఎక్కి, ఒకచోట తిరిగి, కిందికి దిగబోతూ ఆగిపోయింది.

"తర్వాత?" అంది రెడ్డెమ్మ, మాట్లాడకూడదన్న పంతం మరిచిపోయి.

"తర్వాత ఉంది," అంది ఉమ్ ఫహద్. ఆమె వేలు తీగ మీద అటూ ఇటూ కదిలింది. "ఇంకా ఉంది. వాడు నేర్పుతుంటే పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచి వెళ్ళాను. రేపు చూద్దాంలే అన్నాను."

గురువారమంతా ఆమె ఆ సగమే వాయించింది.

శుక్రవారం బస్సు వచ్చింది. గేటు దగ్గర ఉమ్ ఫహద్ రెడ్డెమ్మని కౌగిలించుకుంది. ఖర్జూరాలు, రొట్టెలు కట్టిన మూట ఇచ్చింది. ఖాసిం వలితో, "మీ ఆవిడకి చెప్పు, కారులో కూర్చోబెట్టింది నేనే అని," అంది. "మీరొక్కరే ఎలా ఉంటారు?" అనడిగాడతను. "చెల్లెలి ఇల్లు రెండు వీధుల అవతలే. రమ్మంటోంది. నేను వెళ్తే, వాడొచ్చి తలుపు తడితే ఎవరు తీస్తారు? యల్లా, ఇక కదలండి, బస్సు పోతుంది."

దారిలో తొమ్మిది రోజులు పట్టింది. ఎడారిలో గుడారాలు, నీళ్ళకి బారులు, అమ్మాన్‌లో విమానం కోసం పడిగాపులు. బొంబాయి నుంచి రైలు, అక్కణ్ణుంచి బస్సు. రాయచోటిలో దిగి ఇంటికి వెళ్తే రహమత్ బీ వాకిట్లో నిలబడి చాలాసేపు అతన్ని చూస్తూ ఉండిపోయింది. చిక్కిపోయి నల్లబడ్డ ఆ మనిషి గొంతు విన్నాకే ఆమెకి నమ్మకం కుదిరింది.

అతను రాయచోటిలోనే కిటికీలు, మంచాలు చేసే పని పెట్టుకున్నాడు. కువైట్ కబుర్లన్నీ భార్యకి చెప్పాడు. రేడియోలో యుద్ధం వార్తలు వచ్చినప్పుడల్లా ఆమె పొయ్యి దగ్గర్నుంచి అడిగేది: "ఆ పిల్లోడు వొచ్చినాడంటనా?" రేడియోవాడికి ఆ పిల్లవాడి సంగతి తెలియదు. ఫిబ్రవరి చివర కువైట్ విముక్తమైందన్నారు. ఖైదీలు తిరిగొస్తున్నారన్నారు. ఖాసిం వలి మసీదులో నమాజు చేయించే హజ్రత్ దగ్గరికి వెళ్ళి, అరబ్బీలో ఉత్తరం రాయించి పంపాడు.

జవాబు ఆగస్టులో వచ్చింది. హజ్రత్ అరుగు మీద కూర్చుని ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాడు. రహమత్ బీ తలుపు వెనక నిలబడి వింది.

చమురు బావులు ఇంకా మండుతున్నాయట. పట్టపగలే దీపాలు పెట్టుకుంటున్నారట. ఆరేసిన బట్టలు నల్లబడుతున్నాయట. ఖైదీల బస్సు వచ్చిన ప్రతిసారీ వెళ్ళి, దిగిన ప్రతి ముఖమూ చూసిందట. ఫహద్ రాలేదు. వాడితో బస్రా జైల్లో కొన్నాళ్ళు ఒకే గదిలో ఉన్నానని ఒక కుర్రాడు వచ్చాడట. అక్కడ పాడేవాడా అనడిగితే, గుర్తులేదన్నాడట. "పాట మిగతా సగం నాకు తోచినట్టు పూర్తిచేసుకున్నాను. సరిగ్గా ఉందో లేదో చెప్పేవాడు లేడు. ఈ వేసవికి తీగలు మళ్ళీ పైకి లేచినట్టున్నాయి. లావు తీగ నొప్పి పెడుతోంది. నీ ఇంట్లో అంతా క్షేమమా?" అని ముగించింది.

హజ్రత్ కాగితం మడిచాడు.

"జవాబు రాయండి హజ్రత్," అన్నాడు ఖాసిం వలి. "భయపడొద్దు, పలక బాగానే ఉండాది, మెడే మళ్ళీ వంగింది అని రాయండి. ఎలన్ కీ దివానియాలో అలమారా పై అరలో పెట్టినా. ముందు తీగలు వదులు చేయల్ల. రంధ్రంలో పెట్టి కుడిచేతి పక్కకి పావు చుట్టు. పావే, ఎక్కువ వొద్దు. ఒక దినం వదిలేయల్ల. రెండో దినం చూసి, చాలకపోతే ఇంగో పావు. అంతకు మించి తిప్పొద్దు అని రాయండి. అప్పుడూ చాలకపోతే నాకు రాయమనండి."

హజ్రత్ రాసి, కలం ఆపాడు. "అంతేనా? కొడుకు కోసం అల్లాడుతాండాది. ఓదార్పుగా నాలుగు మాటలు చెప్పవా?"

ఖాసిం వలి ఆలోచించాడు. చేతులు మోకాళ్ళ మీద రుద్దుకున్నాడు. "నాకు వొచ్చింది అదే," అన్నాడు.

తలుపు వెనక గాజులు కదిలాయి. "హజ్రత్, నా మాట ఒకటి రాయండి," అంది రహమత్ బీ. "ఆ పిల్లోని పాట మొదలు ఎట్ల ఉంటాదో మా ఇంటాయన ఇంట్లో కూనిరాగం తీస్తాంటాడు. పనిచేస్తా చేస్తా. నాకూ వొచ్చేసింది. ఆ సగం ఈడ గూడా ఉండాది అని రాయండి."

హజ్రత్ మళ్ళీ కలం అందుకున్నాడు.